సిమ్ కార్డుకి పిన్ పెట్టుకోవడం ఎలా: పీయూకే కోడ్ నుంచి ఫోన్ పోయిన రోజు దాకా

ఫోన్‌కి వేలిముద్ర పెట్టుకున్నాం, ప్యాటర్న్ పెట్టుకున్నాం, ఫోన్‌పేకీ గూగుల్‌పేకీ విడిగా లాక్ పెట్టుకున్నాం. ఇవన్నీ ఫోన్‌కి వేసిన తాళాలు. సిమ్‌కి మాత్రం ఏ తాళమూ లేదు. ఫోన్ అంచున ఉండే చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చితే ట్రే బయటికొస్తుంది. అందులోని సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే కాసేపటికే సిగ్నల్ గీతలు కనబడతాయి. అప్పట్నుంచి మీ నంబరుకి వచ్చే కాల్స్, మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ ఆ ఫోన్‌కే వెళ్తాయి. మీ వేలిముద్ర అడిగేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

దీనికి అడ్డుకట్ట సిమ్‌లోనే ఉంది. దాని పేరు సిమ్ పిన్. మన దేశంలో కంపెనీలు సాధారణంగా దాన్ని ఆఫ్ చేసి ఇస్తాయి కాబట్టి అలాంటిదొకటి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లని అడిగి చూడండి. అక్కడ సిమ్ కొంటే దాంతోపాటే పిన్, ఆ పిన్ తప్పి సిమ్‌కి తాళం పడితే తెరిచే పీయూకే కోడ్ ఇస్తారు. మొదటిసారి ఫోన్ ఆన్ చేసినప్పుడే పిన్ అడుగుతుంది. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి.

పెద్ద కష్టమేం కాదు, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ వరుస తప్పితే సిమ్ బ్లాక్ అయి కూర్చుంటుంది. అందుకే సెట్టింగ్స్ తెరవక ముందు దీన్ని ఒకసారి పూర్తిగా చదవండి.

సిమ్ ఒక్కటి దొరికితే దొంగ ఏం చేయగలడు

మనలో చాలామంది ఫోన్‌కి పుస్తకంలా మూసే ఫ్లిప్ కవర్ వేస్తాం. దాని అరలో ఒక ఏటీఎం కార్డు, మడతపెట్టిన ఆధార్ జిరాక్స్, ఒక వంద నోటు ఉంటాయి. బస్సు ఎక్కే తోపులాటలో ఆ ఫోన్ పోయిందనుకోండి. ఫోన్ లాక్‌లో ఉంది కదా, ఏం కాదులే అనుకుంటాం.

దొంగ ఆ లాక్ జోలికే పోడు. సిమ్ తీసి తన దగ్గరున్న పాత ఫోన్‌లో వేస్తాడు. దాన్నుంచి ఇంకో ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇస్తే మీ నంబరు తెలిసిపోతుంది. యూపీఐ యాప్ ఒకటి ఎక్కించి మీ నంబరుతో తెరుస్తాడు. ఆ యాప్ నంబరు ఎవరిదో తేల్చుకునేది సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపించి. సిమ్ వాడి చేతిలోనే ఉంది కాబట్టి ఆ మెట్టు దాటేస్తాడు. ఆ నంబరుకి లింక్ అయిన బ్యాంకు ఖాతా స్క్రీన్ మీదకొస్తుంది. కొత్త యూపీఐ పిన్ పెట్టడానికి అడిగేవి డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ, ఒక ఓటీపీ. కార్డు కవర్‌లోనే ఉంది, ఓటీపీ ఎలాగూ ఆ సిమ్‌కే వస్తుంది. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అక్కడ ఆగవచ్చు. కానీ ఆధార్‌తో యూపీఐ పిన్ పెట్టుకునే దారి కూడా ఉంది. దానికి ఆధార్ మొదటి ఆరు అంకెలు, ఓటీపీలు చాలు. జిరాక్స్ కాగితం పక్క అరలోనే ఉంది.

బ్యాంకు ఒక్కటే కాదు. మీ పేరుతో వాట్సాప్ తెరిచి చుట్టాలని డబ్బులడగొచ్చు. మీ జీమెయిల్‌కి పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కొచ్చు. ఇవాళ మన నంబరే మన సంతకం. సిమ్‌కి పిన్ ఉంటే ఈ గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతుంది. వేరే ఫోన్‌లో వేయగానే అది పిన్ అడుగుతుంది, పిన్ లేకపోతే నెట్‌వర్క్ రాదు, ఓటీపీ రాదు.

కవర్‌లోంచి ఆ కార్డుని, ఆ జిరాక్స్‌ని ఇవాళే తీసేయండి. సిమ్ పిన్ పెట్టినా పెట్టకపోయినా.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది

సిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క మీద ఉన్న ఒక చిన్న కంప్యూటర్. పిన్ ఆ చిప్ లోపలే ఉంటుంది. ఫోన్‌లోనో గూగుల్ ఖాతాలోనో కాదు. మీరు అంకెలు కొట్టినప్పుడు ఫోన్ వాటిని చిప్‌కి అందిస్తుంది, అవి సరైనవో కావో చిప్పే చెబుతుంది. తప్పు కొడితే ఎన్నిసార్లు తప్పు కొట్టామన్న లెక్క కూడా చిప్‌లోనే నమోదవుతుంది. కాబట్టి ఫోన్ ఆపి ఆన్ చేసినా, సిమ్‌ని ఇంకో ఫోన్‌లోకి మార్చినా ఆ లెక్క పోదు. సరైన పిన్ ఒక్కసారి కొడితేనే మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క ఇదీ. పిన్‌కి మూడు అవకాశాలు. మూడూ తప్పితే సిమ్ తాళం పడి పీయూకే అనే ఎనిమిది అంకెల కోడ్ అడుగుతుంది. షాపుల్లో దీన్నే పక్ కోడ్ అని కూడా అంటారు. పీయూకేకి పది అవకాశాలు. ఆ పదీ తప్పితే ఆ సిమ్ ఇక శాశ్వతంగా పనికిరాదు. దాన్ని కంపెనీ వాళ్లు కూడా బాగుచేయలేరు, అదే నంబరు మీద కొత్త సిమ్ తీసుకోవాల్సిందే.

పిన్ నాలుగు అంకెల నుంచి ఎనిమిది అంకెల దాకా ఉండొచ్చు. కొన్ని ఫోన్లలో పిన్2, పీయూకే2 అని కూడా కనబడతాయి. అవి కొన్ని నంబర్లకే కాల్ వెళ్లేలా కట్టడి చేసే సదుపాయానికి సంబంధించినవి. మన పనికి అక్కర్లేదు, వాటిని ముట్టుకోకండి.

సెట్టింగ్స్ తెరిచే ముందు: పీయూకే, పాత పిన్

చాలామంది నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ నొక్కుతారు. ఫోన్ పిన్ అడుగుతుంది. మనం ఏ పిన్నూ పెట్టలేదు కదా, ఏం అడుగుతోంది అని కంగారుపడి ఫోన్ లాక్ పిన్ కొడతారు, అది కాకపోతే ఏటీఎం పిన్ కొడతారు. రెండు అవకాశాలు అక్కడే పోతాయి.

అది అడిగేది కంపెనీ సిమ్‌లో వేసి ఇచ్చిన పిన్. చాలా సిమ్‌లలో అది 1234 గానీ 0000 గానీ అయి ఉంటుంది. కానీ కంపెనీని బట్టి, సిమ్ ఎప్పుడు కొన్నారన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఊహించి కొట్టొద్దు. ముందు సిమ్‌తో పాటు వచ్చిన అట్ట వెతకండి. కొన్నిటి మీద పిన్, పీయూకే రెండూ అచ్చు వేసి ఉంటాయి. అట్ట ఎప్పుడో పారేసి ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, నా సిమ్ డీఫాల్ట్ పిన్ ఎంత, పీయూకే కోడ్ ఎంత అని రెండూ ఒకేసారి అడగండి. కంపెనీ యాప్‌లో లాగిన్ అయి పీయూకే అని వెతికితే అక్కడా దొరకవచ్చు. జియో వాళ్ల టోల్ ఫ్రీ నంబరు 1800-889-9999, బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లది 1800-180-1503. మీ కంపెనీది ఏదైనా సరే, వేరే నెట్‌వర్క్ నుంచి చేయడానికి వీలైన కేర్ నంబరు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. అవసరపడే రోజున మీ ఫోన్ మీ దగ్గర ఉండకపోవచ్చు.

కేర్ వాళ్లు పీయూకే చెప్పే ముందు సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల వివరాలు అడుగుతారు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా లాంటివి. మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వాడేది కొడుకు, సిమ్ నాన్న పేరు మీద ఉంటుంది. పెళ్లయి వెళ్లిన అమ్మాయి వాడే సిమ్ అన్న పేరు మీద ఉంటుంది. ఎప్పుడో కాలేజీ గేటు దగ్గర గొడుగు కింద కొన్న సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఎవరికీ గుర్తుండదు. ముందు అది తేల్చుకోండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకోవచ్చు. మీరు వాడుతున్న నంబరు ఆ జాబితాలో లేకపోతే, పిన్ సంగతి తర్వాత, ముందు షాపుకెళ్లి దాన్ని మీ పేరు మీదకి మార్పించుకోండి.

పీయూకే దొరికాక దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి. అదే ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుంటే ఫోన్ పోయిన రోజు అది కూడా పోతుంది. ఇంట్లో నాలుగు సిమ్‌లుంటే నాలుగు నంబర్ల పక్కనా నాలుగు కోడ్‌లు విడివిడిగా రాయండి. ఒక సిమ్ పీయూకే ఇంకో సిమ్‌కి పనిచేయదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో

ఏ ఫోన్‌లో ఏ మెనూ ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పని లేదు. సెట్టింగ్స్ తెరవగానే పైన వెతికే పెట్టె ఉంటుంది. అందులో సిమ్ లాక్ అని కొట్టండి. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంటే ఇంగ్లిష్‌లో, తెలుగులో ఉంటే తెలుగులో. సిమ్ లాక్, సిమ్ కార్డ్ లాక్, సెట్ అప్ సిమ్ కార్డ్ లాక్ లాంటి పేరుతో ఒక వరుస వస్తుంది. మామూలుగా ఇది సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో, మోర్ సెక్యూరిటీ సెట్టింగ్స్ లాంటి చివరి వరుస లోపల దాగి ఉంటుంది. శాంసంగ్‌లో అయినా పిక్సెల్‌లో అయినా దాదాపు ఇదే దారి. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీలలో పేర్లు అటూఇటూ మారతాయి, వెతికే పెట్టెతో పని జరిగిపోతుంది.

రెండు సిమ్‌ల ఫోన్ అయితే పైన సిమ్ 1, సిమ్ 2 అని రెండు ట్యాబ్‌లు కనబడతాయి. ఏ ట్యాబ్‌లో ఉన్నారో చూసుకోండి. జియో పీయూకే చేతిలో పెట్టుకుని ఎయిర్‌టెల్ ట్యాబ్‌లో ప్రయోగాలు చేయకూడదు.

ఇప్పుడు లాక్ సిమ్ కార్డ్ అన్న బటన్‌ని ఆన్ చేయండి. పిన్ అడుగుతుంది. కేర్ వాళ్లు చెప్పిన డీఫాల్ట్ పిన్ కొట్టి ఓకే నొక్కండి. బటన్ ఆన్‌లోకి వెళ్తే తాళం పడినట్టే. తప్పైతే ఇంకా ఎన్ని అవకాశాలు మిగిలాయో స్క్రీన్ మీద చెబుతుంది. రెండు మిగిలాయని చూపిస్తే అక్కడే ఆగి మళ్లీ కేర్‌కి ఫోన్ చేయండి.

చాలామంది ఇంతటితో అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. ఇప్పుడు మీ సిమ్ పిన్ ఆ 1234 గానో 0000 గానో ఉంది. అది దొంగకీ తెలుసు. బటన్ కిందే చేంజ్ సిమ్ పిన్ అని ఉంటుంది. లాక్ ఆన్ అయితేనే అది పనిచేస్తుంది. దాన్ని నొక్కి ముందు పాత పిన్, తర్వాత కొత్త పిన్, మళ్లీ ఒకసారి అదే కొత్త పిన్ కొట్టండి. సిమ్ పిన్ మారింది అని స్క్రీన్ కింద చిన్న సందేశం వస్తుంది. అది చూశాకే బయటికి రండి.

ఐఫోన్‌లో, కీప్యాడ్ ఫోన్‌లో

ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొబైల్ సర్వీస్ తెరవండి. పాత వెర్షన్‌లో మొబైల్ డేటా అని ఉంటుంది. రెండు నంబర్లుంటే ముందు ఏ నంబరుకో ఎంచుకోవాలి. కిందికి వెళ్తే సిమ్ పిన్ ఉంటుంది. ఆన్ చేసి, డీఫాల్ట్ పిన్ కొట్టి, ఆ తర్వాత చేంజ్ పిన్‌లో కొత్తది పెట్టుకోండి. వరుస అదే. పిన్ తెలియకపోతే ఊహించి కొట్టొద్దని ఆపిల్ కూడా స్పష్టంగానే చెబుతుంది.

ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్, వాడుతున్నా పిన్ పెట్టుకోవచ్చు, దారి ఇదే. ఈసిమ్‌ని పిన్నీసుతో బయటికి తీయలేరు కాబట్టి ఆ మేరకు ప్రమాదం ముందే తక్కువ.

నోకియా లాంటి కీప్యాడ్ ఫోన్లలో మెనూలోంచి సెట్టింగ్స్, సెక్యూరిటీ సెట్టింగ్స్, పిన్ కోడ్ రిక్వెస్ట్ అని వెళ్లి ఆన్ చేయాలి. స్మార్ట్‌ఫోన్‌కి కనీసం స్క్రీన్ లాక్ అయినా ఉంటుంది. కీప్యాడ్ ఫోన్‌లో మెసేజ్‌లన్నీ తెరిచే ఉంటాయి, చాలా ఇళ్లలో బ్యాంకుకి, పింఛనుకి, ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఆ ఫోన్‌లోదే అయి ఉంటుంది.

మెనూలు అర్థం కాకపోతే నంబరు డయల్ చేసినట్టే పిన్ మార్చే దారి ఒకటుంది. చాలా ఫోన్లలో పనిచేస్తుంది. **04* కొట్టి, పాత పిన్, స్టార్, కొత్త పిన్, స్టార్, మళ్లీ కొత్త పిన్, చివర్న హ్యాష్. పాతది 1234, కొత్తది 7392 అనుకుంటే ఇలా వస్తుంది: **04*1234*7392*7392#. ఇక్కడ 7392 ఉదాహరణకి రాసింది, దాన్నే మీరు పెట్టుకోకండి.

ఏ అంకెలు పెట్టుకోవాలి

పుట్టిన సంవత్సరం వద్దు. బండి నంబరులో చివరి నాలుగు అంకెలు వద్దు, మనవాళ్లు ఎక్కువగా పెట్టుకునేవి ఇవే. ఫోన్ నంబరులో మొదటి నాలుగు, చివరి నాలుగు వద్దు. 1234, 0000, 1111, 2580 అసలే వద్దు. 2580 కీప్యాడ్ మీద నిలువుగా ఒకే గీతలో ఉండే అంకెలు, అందరికీ అదే తడుతుంది.

ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఫోన్ లాక్ పిన్ వీటిలో దేన్నీ మళ్లీ ఇక్కడ వాడొద్దు. వెనకనుంచి తొంగిచూసి మీ ఫోన్ లాక్ పిన్ పట్టేసినవాడికి సిమ్ పిన్ కూడా దొరికినట్టవుతుంది.

రెండు సిమ్‌లకీ ఒకే పిన్ పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టుకోండి. నిజానికి వేర్వేరుగా ఉండటం మంచిదే, కానీ ఆచరణలో ఏ సిమ్‌కి ఏది పెట్టామో మర్చిపోయి మూడుసార్లు తప్పు కొట్టడమే ఎక్కువగా జరుగుతుంది. మూడే అవకాశాలున్న తాళానికి, ఊహించలేని ఒకే పిన్ రెండింటికీ ఉండటం నా లెక్కలో పెద్ద లోటు కాదు.

ఒకసారి పరీక్షించి చూడండి

ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొదట సిమ్ పిన్ అడుగుతుంది, ఆ తర్వాత ఫోన్ లాక్ అడుగుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అంకెల పైన ఏం రాసుందో చదివే అలవాటు చేసుకోండి. సిమ్ 1 పిన్ ఎంటర్ చేయండి అని ఉందా, ఉత్త ఎంటర్ పిన్ అని ఉందా? చేతి అలవాటులో ఫోన్ లాక్ అంకెలు సిమ్ దగ్గర కొట్టేయడం వల్లే చాలా సిమ్‌లు పీయూకే దాకా వెళ్తాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే సిమ్ తీసి ఇంట్లో ఇంకో ఫోన్‌లో వేయండి. పిన్ అడిగి, అది కొట్టేదాకా సిగ్నల్ రాకుండా ఆగిపోతే మీ పని పక్కాగా జరిగినట్టు.

రోజువారీ వాడకంలో మీకు దీనితో ఇబ్బంది ఉండదు. ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు, సిమ్ తీసి పెట్టినప్పుడు తప్ప పిన్ అడగదు. తెలుసుకోవాల్సింది ఒకటే. రాత్రిపూట ఫోన్ అప్‌డేట్ అయి తనంతట తానే రీస్టార్ట్ అయితే, పొద్దున మీరు పిన్ కొట్టేదాకా ఆ ఫోన్‌కి కాల్స్ రావు. ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అర్ధరాత్రి కాల్ వచ్చే అవకాశమున్న రోజుల్లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి పెట్టుకోండి. ఛార్జింగ్ అయిపోయి ఆగిన ఫోన్‌కీ ఇంతే, ఆన్ కాగానే పిన్ కొడితేనే నెట్‌వర్క్.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. పిన్ అడిగే స్క్రీన్ మీద ఫోన్ వదిలేస్తే పిల్లలు టకటకా ఏవో నొక్కి మూడు అవకాశాలూ తినేస్తారు. రీస్టార్ట్ చేస్తే వెంటనే పిన్ కొట్టేయండి.

అమ్మానాన్నల ఫోన్‌కి పెట్టాలా

ఇది ఒక్కొక్క ఇంటిని బట్టి తేల్చుకోవాలి. ఊళ్లో ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల అమ్మమ్మ ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిందనుకోండి. ఆన్ చేస్తే పిన్ అడుగుతుంది, ఆవిడకి అది గుర్తుండదు. మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి రోజంతా ఫోన్ కలవక టెన్షన్ పడతారు. అలాంటప్పుడు ఆ సిమ్‌కి పిన్ పెట్టకుండా వేరే దారి చూడటమే మేలు. డబ్బు ఎక్కువగా ఉన్న ఖాతాకి ఆ నంబరు కాకుండా, ఇంట్లోనే భద్రంగా ఉండే ఇంకో నంబరు ఇవ్వడం లాంటిది.

అదే నాన్నగారు రోజూ బజారుకో బ్యాంకుకో తిరుగుతూ, ఫోన్‌లో యూపీఐ వాడుతుంటే తప్పకుండా పెట్టండి. పెట్టే ముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చేతే పిన్ కొట్టించి, ఆయన చేతే రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేయించండి. మనం పెట్టేసి చెప్పి వెళ్లిపోతే ఆయనకి గుర్తుండదు.

పిన్ అస్సలు పెట్టకూడని సిమ్‌లు కూడా ఉన్నాయి. బోరు మోటారుకి పెట్టుకునే మొబైల్ స్టార్టర్లో ఉండే సిమ్ అందులో ఒకటి. ఆ పెట్టెకి పిన్ కొట్టడానికి మీటలు ఉండవు. కరెంటు పోయి వచ్చాక సిమ్ పిన్ అడిగి ఆగిపోతే మీరు ఎన్ని కాల్స్ చేసినా మోటారు ఆన్ కాదు. సిమ్‌తో నడిచే సీసీ కెమెరాలు, బండికి పెట్టే జీపీఎస్ ట్రాకర్లు కూడా ఇంతే. ఫోన్‌లో వాడిన పాత సిమ్‌ని వాటిలోకి మార్చేటప్పుడు ముందు ఫోన్‌లోనే సిమ్ లాక్ ఆఫ్ చేసి ఆ తర్వాత మార్చండి.

మూడుసార్లూ తప్పు కొట్టేస్తే

కంగారుపడొద్దు, నంబరు ఎక్కడికీ పోదు. ఫోన్ పీయూకే అడుగుతుంది. బీరువాలోని కాగితం తీసి ఎనిమిది అంకెలూ నెమ్మదిగా కొట్టండి. తర్వాత కొత్త పిన్ రెండుసార్లు అడుగుతుంది, పెట్టుకుంటే సిమ్ మామూలుగా పనిచేస్తుంది. స్క్రీన్ అడగకపోతే **05* తర్వాత పీయూకే, స్టార్, కొత్త పిన్, స్టార్, మళ్లీ కొత్త పిన్, హ్యాష్ అని డయల్ చేసినా చాలా ఫోన్లలో పని జరుగుతుంది.

కాగితం లేకపోతే ఇంకో ఫోన్ నుంచి కేర్‌కి చేయండి. ఇంటర్నెట్‌లో దొరికిన పీయూకేలు కొట్టి చూడొద్దు. పీయూకే ఒక్కో సిమ్‌కి ఒక్కోటి, ఊళ్లో అందరికీ పనికొచ్చే కోడ్ ఏదీ లేదు. ఆ కోడ్‌లు కొట్టుకుంటూ పోతే ఉన్న పది అవకాశాలూ కరిగిపోతాయి.

పదీ అయిపోతే కొత్త సిమ్ తప్పదు. సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే గుర్తింపు కార్డుతో షోరూమ్‌కి వెళ్లాలి. కొత్త సిమ్ పనిచేయడం మొదలైన తర్వాత మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, వెళ్లవు. సిమ్ మార్చి మోసం చేసేవాళ్లని ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన ఇది. ఆ ఒక్కరోజూ ఓటీపీలు అందవు కాబట్టి, ఫీజు కట్టాల్సిన చివరి తేదీ ఉంటే వేరే దారి చూసుకోండి.

సిమ్ పిన్ కాపాడలేనివి

పిన్ పెట్టాక ఇక దిగుల్లేదు అనుకుంటే పొరపాటు. ఆన్‌లో ఉన్న ఫోన్‌నే దొంగ లాక్కుపోతే సిమ్ అప్పటికే తెరిచి ఉంది, రీస్టార్ట్ చేసేదాకా పిన్ అడగదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడేలా పెట్టుకుంటే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు. అందుకే నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనబడకుండా దాచండి. సిమ్ పిన్‌కి ఇది తోడబుట్టిన సెట్టింగ్, రెండూ కలిసి చేస్తేనే ఫలితం. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరు అంకెల పిన్ పెట్టుకోండి. అప్పుడు ఓటీపీ ఒక్కటి దొరికినంత మాత్రాన ఇంకొకరు మీ వాట్సాప్ తెరవలేరు.

మీ పేరుతో కంపెనీ దగ్గర కొత్త సిమ్ తీసేసుకునే సిమ్ స్వాప్ మోసాన్ని కూడా ఈ పిన్ ఆపలేదు. ఎందుకంటే ఆ కొత్త సిమ్ వేరే చిప్, దానికి మీ పిన్ తెలియదు. కేవైసీ అప్‌డేట్ అనో, 5జీకి మారుస్తామనో, ఈసిమ్ చేస్తామనో ఫోన్ చేసి సిమ్ వెనక ఉన్న పొడవాటి నంబరు చదవమంటే, వచ్చిన కోడ్ చెప్పమంటే ఫోన్ పెట్టేయండి. కారణం లేకుండా గంటల తరబడి సిగ్నల్ పోయి, పక్కవాళ్లకి అదే నెట్‌వర్క్ బాగానే ఉంటే వెంటనే కేర్‌కి చేయండి. మీ నంబరు ఇంకెక్కడో మోగుతూ ఉండొచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దొంగ ఫోన్ ఆపి ఆన్ చేస్తే సిమ్ తాళంలో ఉంటుంది, మొబైల్ డేటా పనిచేయదు. దాంతో ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోవడం కష్టమవుతుంది. దీన్ని చూపించి పిన్ వద్దనేవాళ్లున్నారు. ఫోన్ దొరికితే మంచిదే, కానీ దొంగలు మొదట చేసేది సిమ్ పీకి పారేయడమే. ఫోన్ ఖరీదు ఇరవై వేలు కావచ్చు, ఆ నంబరు వెనకున్న ఖాతాలో జీవితకాలం పొదుపు ఉండొచ్చు. రెండింట్లో దేన్ని ముందు కాపాడుకోవాలో నాకైతే సందేహం లేదు.

ఫోన్ పోయిన రోజు

సిమ్‌కి పిన్ ఉంది కదా అని ఊరుకోవద్దు, అది మీకు కొన్ని గంటలు సంపాదించి పెడుతుందంతే. మొదట ఇంకో ఫోన్ నుంచి కేర్‌కి చేసి సిమ్ బ్లాక్ చేయించండి. తర్వాత బ్యాంకుకి చేసి యూపీఐ, కార్డు ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకోండి. ఆ ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీలో పోయిన ఫోన్లని ఆపించే సీఈఐఆర్ అనే విభాగంలో ఫోన్‌ని బ్లాక్ చేయించండి. అక్కడ ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, కావాలి. ఇవాళే *#06# కొట్టి అది చూసుకుని పీయూకే రాసిన కాగితం మీదే రాసి పెట్టుకోండి, ఫోన్ పోయాక వెతుక్కునే పని ఉండదు. సీఈఐఆర్ ఫారంలో ఓటీపీ రావడానికి కూడా ఒక నంబరు పనిచేస్తూ ఉండాలి. కొత్త సిమ్‌కి మొదటి రోజు ఎస్ఎంఎస్‌లు రావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

చేతికొచ్చిన కొత్త సిమ్‌లో పాత పిన్ ఉండదు, లాక్ మళ్లీ ఆఫ్‌లోనే ఉంటుంది, పీయూకే కూడా మారిపోతుంది. బీరువాలోని కాగితం మీద పాత కోడ్ కొట్టేసి, కేర్ వాళ్లని అడిగి కొత్తది రాసి, అదే రోజు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేసి, డీఫాల్ట్ పిన్ మార్చేయండి.